పళ్లెంలోకి ఏ పువ్వు, సిగలోకి ఏ పువ్వు?

పోయిన ఉగాదికి ముందు మన తెలుగు శాఖలో వంటల పోటీ పెట్టారు గదా, ఆ రోజు మా జట్టు సేమ్యా పాయసం చేసింది. రుచి సంగతి ఎట్లున్నా చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉండాలని నా పట్టు. వెనక గేటు దగ్గర గుబురుగా పూసిన గులాబీరంగు పువ్వులు గుప్పెడు కోసుకొచ్చి, కాడలతో సహా గిన్నె అంచు చుట్టూ గుచ్చాను. నడిమధ్యలో ఒకటి పెట్టాను. అందరం ఫోటోలు తీసుకున్నాం. ఇంకో ఐదు నిమిషాల్లో మేడంలు రుచి చూడ్డానికి వస్తారనగా, గిన్నెలు కడిగే ఆయమ్మ మా బల్ల దగ్గర ఆగిపోయింది.

"ఏం పాపా, అది గన్నేరు గదా! తినేదాంట్లో పెట్టినారే?"

"తినేదానికి కాదు ఆయమ్మా, ఉత్త అలంకారానికే" అన్నాను.

"అలంకారమైతే మటుకు? దాని పాలు పాయసంలోకి దిగదా? ఆ బిడ్డ తీసి నోట్లో పెట్టుకుంటే?"

తిరిగి చూస్తే, ఒక మేడంగారి నాలుగేళ్ల పాప మా బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి అప్పటికే నడిమధ్య పువ్వు మీదికి పోతోంది.

పాయసమంతా పారబోశాం. బహుమతి పోయిందని ఆ పూట ఏడుపొచ్చింది. రాత్రి ఆ పాప చెయ్యి గుర్తొచ్చాక మాత్రం ఇంకో రకం ఏడుపొచ్చింది. సెలవుకు ఊరికి పోయి అవ్వతో చెప్తే, "మేక గూడా గన్నేరును మూతితో తాకదు, పదిహేనేండ్లు సదివినదానివి నీకు తెలీలేదా?" అని ఒక్క మాట అనింది. ఆ తర్వాత పెరట్లోకి పిలుచుకొనిపోయి ఏ పువ్వు తినొచ్చో, ఏది తినకూడదో చూపించింది. ఆమె చెప్పినదీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఈ గోడపత్రికలో రాస్తున్నాను. ఇప్పుడు కేకుల మీదా, పళ్లరసాల మీదా పువ్వులు పెట్టడం ఒక మోజు. నాలాగా ఇంకొకరు చెయ్యకూడదని ఈ రాత.

పువ్వు తినడం కొత్తదేం కాదు

పువ్వుతో వంట అంటే పెద్ద హోటళ్ల సంగతి అనుకుంటాం. ఉగాది పచ్చడిలో వేసే వేప పువ్వు ఏంది మరి? మన ఆరు రుచుల్లో చేదు పువ్వు నుంచే వస్తుంది. మన పక్కనున్న కన్నడిగులు అదే పండక్కి బేవు-బెల్ల, అంటే వేప, బెల్లం కలిపి పంచుతారు. తమిళులు చిత్తిరై నెల మొదటి రోజు మామిడి పచ్చడిలో వేప పువ్వు వేస్తారు. మూడు భాషల వాళ్ల కొత్త సంవత్సరమూ ఒకే చెట్టు కింద మొదలవుతుంది.

ఇంట్లో అరటి పువ్వు కూర తినని వాళ్లు తక్కువ. పులావులో వేసే లవంగం విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన మొగ్గ. బిసిబేళెబాత్ పొడిలో పడే మరాఠీ మొగ్గ బూరుగు జాతి చెట్టు మొగ్గ. కుంకుమ పువ్వు అనేది నిజానికి పువ్వు మొత్తం కాదు, ఒక్కో పువ్వులో మూడంటే మూడు ఉండే ఎర్రటి కీలాగ్రాలు. ఒక గ్రాము కావాలంటే సుమారు 150 పువ్వులు గిల్లాలి. దాని ధర అంత ఎందుకో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆదిలాబాద్ అడవుల్లో, ఒడిశా కొండల్లో ఇప్ప పువ్వు ఆకలి తీర్చే తిండి. రాత్రి చెట్టు నుంచి రాలిన కండగల తియ్యటి పువ్వును తెల్లవారుజామున ఏరుకొని ఎండబెట్టి ఏడాదంతా వాడుకుంటారు. అక్కడ పువ్వు అంటే ముందు గుర్తొచ్చేది బువ్వ, ఆ తర్వాతే అలంకారం.

పేరులో పువ్వు ఉంటే పువ్వేనా?

ఇది మన తెలుగు శాఖ వాళ్లకు తగిన ప్రశ్న. బిర్యానీలో వేసే అనాస పువ్వు పువ్వు కాదు. చుక్క ఆకారంలో ఎండిన కాయ. రాతి పువ్వు కూడా పువ్వు కాదు. రాళ్ల మీదా చెట్ల బెరళ్ల మీదా పెరిగే లైకెన్. జాపత్రిని చాలామంది జాజిపువ్వు అనుకుంటారు. అది జాజికాయ గింజ చుట్టూ వల లాగా అల్లుకునే ఎర్రటి తొడుగు. దీనికి తిరకాసుగా, పేరులో పువ్వు అనే మాటే లేని లవంగం అసలైన పువ్వు మొగ్గ.

ఎనిమిదో తరగతిలో బట్టీపట్టిన పువ్వు భాగాలు గుర్తున్నాయా? రక్షక పత్రావళి, ఆకర్షణ పత్రావళి, కేసరావళి, అండకోశం. అప్పుడు పరీక్ష కోసం చదివాం, వంటింట్లో దాని అవసరం ఇప్పుడు తెలుస్తోంది. మనం ఎక్కువ పువ్వుల్లో తినేది ఆకర్షణ పత్రావళినే, అంటే రేకుల్ని. కింద పచ్చటి తొడిమ, మధ్యలో కేసరాలు చాలా పువ్వుల్లో చేదు. పుప్పొడి పడని వాళ్లకు దగ్గు, ఆయాసం కూడా వస్తాయి. అందుకే కేసరాలు తీసెయ్యడం అలవాటు చేసుకోవాలి. ఎర్ర గోంగూర దీనికి తలకిందులు. అందులో తినేది రేకుల్ని కాదు, పువ్వు రాలాక కాయను కప్పుకొని కండపట్టి ఎర్రగా మిగిలే రక్షక పత్రాల్ని. వాటితో పచ్చడి, షర్బత్తు రెండూ బాగుంటాయి.

అవ్వ పెరట్లో ఐదు పువ్వులు

గుమ్మడి పువ్వు: ఒకే తీగకు మగ పువ్వులు, ఆడ పువ్వులు వేరువేరుగా పూస్తాయి. సన్నటి పొడుగు కాడ మీద నిలబడేది మగది. రేకుల కింద గోలీకాయంత పిందె ఉంటే అది ఆడది. కోయాల్సింది మగ పువ్వుల్నే. అవి కూడా అన్నీ కోసేస్తే ఈగలకు పుప్పొడి దొరకదు, పిందెలు రాలిపోతాయి. నాలుగైదు వదలాలి. తెల్లారే విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి కాబట్టి పొద్దున్నే కొయ్యాలి. లోపల చీమలు, చిన్న పురుగులు ఉంటాయి, విప్పి దులిపి కేసరం గిల్లెయ్యాలి. అర కప్పు శనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, ఉప్పు, కారం, చిటికెడు వాము జారుగా కలిపి, అందులో పువ్వును ముంచి నూనెలో వెయ్యడమే. పిండి మందమైతే పువ్వు రుచి తెలీదు.

అరటి పువ్వు: దీనికి ఓపిక కావాలి. చేతులకు నూనె రాసుకోకపోతే బంక నల్లగా అంటుకుంటుంది. ఎర్రటి డొప్పలు ఒక్కొక్కటే విప్పితే లోపల దువ్వెన పళ్ల మాదిరి చిన్న పువ్వులుంటాయి. ఒక్కోదాంట్లో ఉడకని బిరుసు కాడ ఒకటి, గాజు మాదిరి పొర ఒకటి ఉంటాయి. రెండూ తీసెయ్యాలి. ఆ బిరుసు కాడను తమిళంలో కళ్ళన్ అంటారు, మా అవ్వ దొంగోడు అంటుంది. తరిగిన వెంటనే మజ్జిగ నీళ్లలో వెయ్యాలి. పువ్వులోని ఫినాలు అనే పదార్థాలు గాలి తగలగానే మారి నల్లబడతాయి, మజ్జిగ పులుపు ఆ మార్పును ఆపుతుంది. వంకాయ ముక్కల్ని నీళ్లలో వేసేది కూడా ఇందుకే. ఉడికించి ఆవపెట్టి చేస్తే ఆంధ్ర కూర, నానబెట్టి రుబ్బిన కందిపప్పుతో పొడిపొడిగా వేపితే తమిళుల ఉసిలి. మా ఇంట్లో రెండూ చేస్తారు.

అవిసె పువ్వు: చిలుక ముక్కు మాదిరి వంకర మొగ్గ, తెలుపూ ఎరుపూ రెండు రంగుల్లో ఉంటుంది. నడుమ కేసరం తియ్యకపోతే చేదు కూరంతా పాకుతుంది. తీసి, సన్నగా తరిగి, ఉల్లిపాయతో వేపి చివర్లో శనగపిండి చల్లితే పది నిమిషాల్లో అయిపోతుంది.

మునగ పువ్వు: కొమ్మ మీద నుంచి కోస్తే కాయలు తగ్గిపోతాయని అవ్వ కొట్టొస్తుంది. మునగ చెట్టు పూసినంతా కాయ కాదు, చాలా పువ్వులు రాలిపోతాయి. రాత్రి చెట్టు కింద పాత చీర పరిస్తే పొద్దున్నే రెండు గుప్పిళ్లు దొరుకుతాయి. వాడిపోనివి ఏరి, కడిగి, పెసరపప్పులో గానీ కోడిగుడ్డు పొరటులో గానీ వేస్తారు.

వేప పువ్వు: పూత కాలంలో ఇదీ చీర పరిచి పట్టుకునేదే. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టి సీసాలో పోస్తే ఏడాది ఉంటుంది. చారుకైతే చెంచా నెయ్యిలో ఆవాలు, ఎండుమిర్చి, రెండు చెంచాల వేప పువ్వు ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, కాగిన చింతపండు చారులో చివర్లో వెయ్యాలి. వేశాక మళ్లీ మరిగిస్తే నోట పెట్టలేం. సరిగ్గా వేగితే చేదు వెనక ఒక కమ్మదనం ఉంటుంది, జ్వరం పడి లేచిన నాలుకకు అది బాగా తెలుస్తుంది.

అలంకారం చెయ్యాలంటే

అలంకారానికి ఒకే సూత్రం: పళ్లెంలో ఉన్నదంతా తినదగినదే అయ్యుండాలి. పక్కన పెట్టిందే గదా, తీసేస్తారు గదా అని పెట్టకూడదు. చీకట్లో తినేవాళ్లకు, పిల్లలకు, చూపు ఆనని తాతలకు పళ్లెంలో ఏది అలంకారమో ఏది తిండో ఎలా తెలుస్తుంది?

నాకు బాగా నచ్చింది శంఖు పువ్వు. పచ్చ తొడిమ తీసేసి పది నీలం పువ్వులు ఒక గ్లాసు వేడి నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే నీళ్లు సిరా మాదిరి అవుతాయి. మలేసియాలో ఈ నీళ్లతోనే నీలం అన్నం వండుతారు. ఇందులో నిమ్మరసం పిండితే రంగు ఊదాకు తిరుగుతుంది. ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పులుపు తగిలితే రంగు మారుస్తుంది, మన ప్రయోగశాలలో లిట్మస్ కాగితం చేసే పనే ఇది. అందుకే నీలం నిమ్మకాయ అన్నం చెయ్యాలని చూస్తే కుదరదు, నీలం కొబ్బరన్నం అయితే కుదురుతుంది. ఒక్క జాగ్రత్త: పువ్వు వరకే. దీని గింజలు, వేర్లు విరేచనాలు పట్టిస్తాయి.

పెరట్లో మందులు కొట్టకుండా పెంచిన గులాబీ ఉంటే రేకులు వాడొచ్చు. రేకు మొదట్లో తెల్లగా ఉండే భాగం చేదు, కత్తెరతో తీసెయ్యాలి. సువాసన ఉన్న పన్నీరు గులాబీ అయితే గుల్కంద్ చేసుకోవచ్చు. పార్శీలో గుల్ అంటే పువ్వు, కంద్ అంటే చక్కెర. రేకులు, చక్కెర సమానంగా తూచి గాజు సీసాలో పొరలు పొరలుగా వేసి మూడు వారాలు ఎండలో పెడితే పాకంలా మగ్గుతుంది.

మందార రేకులు, బంతి రేకులు కూడా కొద్దిగా చల్లుకోవచ్చు. బంతి రంగు మీరు ఇప్పటికే తిని ఉంటారు. కోళ్ల మేతలో బంతి రేకుల సారం కలిపితే గుడ్డు పచ్చసొనకు రంగు వస్తుంది.

పువ్వులు పొద్దున్నే కోసి, తడిగుడ్డ పరిచిన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వేడి వంటకం మీద పెడితే నిమిషంలో వాడిపోతాయి, వడ్డించే ముందే పెట్టాలి. షర్బత్తుకైతే మంచు ముక్కల తట్టలో సగం నీళ్లు పోసి గడ్డకట్టాక పువ్వు పెట్టి, మళ్లీ నీళ్లు పోసి గడ్డకట్టించండి. ఒకేసారి పోస్తే పువ్వు పైకి తేలిపోతుంది.

మూడు భాషల ఊళ్లో పేర్ల తికమక

మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. ఇక్కడ పువ్వు పేరును మాత్రమే నమ్ముకుంటే ప్రమాదం. మన మందారం తమిళంలో సెంబరుత్తి, కన్నడంలో దాసవాళ. తమిళంలో మందారై అంటే మాత్రం మన దేవకాంచనం. తమిళ స్నేహితురాలు "మందారై పువ్వు వండొచ్చు" అంటే మీరు వెళ్లి కోసేది వేరే చెట్టు పువ్వు. అవిసె పువ్వు అంటే తమిళుల అగత్తి, కానీ అంగట్లో అమ్మే అవిసె గింజలు వేరే మొక్కవి. కన్నడంలోనూ అగసె అనే మాటకు ఇదే ఇబ్బంది. ఇక తమిళంలో అరళి అంటే మన గన్నేరు. మా జట్టులో తమిళం తెలిసిన అమ్మాయి ఒకతె "ఇది అరళి లాగుందే" అని ఆ రోజు గొణిగింది. అరళి అంటే ఏందో నేను అడగలేదు. అడిగుంటే ఆయమ్మ దాకా వచ్చేది కాదు.

చెట్టును చూపించి, ఆకును కూడా చూసి, తెలిసినవాళ్లతో నిర్ధారించుకోండి. పేరు ఒక్కటే విని గానీ, ఫోన్లో ఫోటో చూసి గానీ నోట్లో పెట్టుకోవద్దు.

నోటికి దూరంగా పెట్టాల్సినవి

గన్నేరు, పచ్చ గన్నేరు: ఆకు, పువ్వు, గింజ, పాలు అన్నీ విషమే. వీటిలోని పదార్థాలు గుండె కొట్టుకునే తీరును చెడగొడతాయి. ఉడికించినా, ఎండబెట్టినా విషం పోదు. పశువులు ముట్టవు, ఎండకు పొగకు తట్టుకుంటుంది కాబట్టే రహదారుల మధ్యలో గన్నేరును నాటుతారు. 2024 మే నెలలో కేరళలోని తిరువాంకూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో అరళి పువ్వు వాడకూడదని నిర్ణయించాయి. గన్నేరు నమిలి ఒక యువతి చనిపోయిందన్న అనుమానం తర్వాత తీసుకున్న నిర్ణయం అది. దేవుడి ప్రసాదంలోనే వద్దన్నదాన్ని నేను పాయసంలో గుచ్చాను.

ఉమ్మెత్త: నోరు ఎండిపోయి, చూపు మసకబారి, మతి తప్పుతుంది. శివుడి పూజకు వాడతారు గనక మంచిదే అనుకోవద్దు.

అగ్నిశిఖ: తమిళనాడు రాష్ట్ర పుష్పం, సెంగాందళ్. మంట లాంటి అందం. చెట్టంతా, ముఖ్యంగా దుంప, గింజ విషం.

జిల్లేడు, దేవగన్నేరు, నందివర్ధనం: కాడ విరిస్తే పాలు కారేవి. వంటకు వద్దే వద్దు. పూజకు పనికొచ్చేదంతా పళ్లెంలోకి పనికిరాదు.

పొరపాటున ఎవరైనా నమిలితే నోరు కడిగించి, ఆ పువ్వునో కొమ్మనో వెంట పట్టుకొని వెంటనే ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోన్ చెయ్యండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు.

అంగడి పువ్వుల సంగతి

ఇది నాకు దగ్గరి విషయం. మా హోసూరు చుట్టూ గులాబీ తోటలే. పాలిథిన్ షెడ్లలో పెంచే గులాబీలు విదేశాలకు పోతాయి. మా చిన్నాయన కూడా కొన్నాళ్లు ఒక తోటలో మందు కొట్టే పని చేశాడు. ఇంటికి రాగానే బావి దగ్గరే స్నానం చేసి, బట్టలు వేరే బకెట్లో వేసేవాడు. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

కూరగాయకైతే మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కొయ్యాలని లెక్క ఉంది, ఎందుకంటే అది తినేది. సిగలోకి, దండలోకి పోయే పువ్వును తింటారని ఎవరూ అనుకోరు. అందుకే పురుగు పట్టకుండా కోత దాకా కొడతారు. కొన్ని మందులు మొక్క లోపలికే పోతాయి, ఎంత కడిగినా పోవు. కాబట్టి మూర మల్లెలు, బొకే గులాబీలు, గుడి ముందు కొన్న చామంతులు ఎంత అందంగా ఉన్నా పాయసం మీద పెట్టొద్దు. రోడ్డు పక్కన పూసినవీ వద్దు.

తినదగిన పువ్వయినా మొదటిసారి ఒకటి రెండు రేకులే తిని చూడండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే తినాలి.

చివరిగా

ఈసారి ఉగాది పోటీకి మా జట్టు మళ్లీ పేరిచ్చింది. గుమ్మడి పువ్వు బజ్జీలు, వేప పువ్వు చారు, నీలం కొబ్బరన్నం చేస్తాం. పువ్వులన్నీ అవ్వ పెరట్లోవే. ఆయమ్మను పోటీకి ముందే మా బల్ల దగ్గరికి పిలిచి చూపిస్తానని మాటిచ్చాను. "నేను సరే అంటేనే బయటికి తెండి" అనింది. అట్లే చేస్తాం.

ఈ కాగితం పక్కన ఒక తెల్ల కాగితం అతికించాను. మీ ఇంట్లో వండే పువ్వు పేరు తెలుగులో, మీ ఊరి మాటలో రాయండి. పక్కనే తమిళం పేరో కన్నడం పేరో తెలిస్తే అదీ రాయండి. రాసేముందు ఇంట్లో అమ్మనో అవ్వనో అడిగి, చెట్టును చూసి రాయండి. పేరు తెలియకపోతే ఆకు ఒకటి తెచ్చి నాకు చూపించండి, సెలవుకు పోయినప్పుడు అవ్వను అడుగుతాను.